వీసా మీద ఉన్న మాటే మన ఉద్యోగం

కృష్ణానగర్‌లో ఉండేవాళ్ళకి ఒక సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. "మంచి కేరెక్టరమ్మా, నాలుగు డైలాగులున్నాయి" అని పిలుస్తారు. తీరా తెల్లారేసరికి వెళ్తే పెళ్ళి సీనులో మూడో వరసలో నిలబెట్టి అక్షింతలు వెయ్యమంటారు. చెప్పిందొకటి, చేయించేదొకటి. ఇక్కడి జూనియర్ ఆర్టిస్టులకు అది కొత్త కాదు. అయినా పేకప్ చెప్పాక ఆటో ఎక్కి ఇంటికొచ్చి పడొచ్చు. అదే పని సముద్రం అవతల జరిగితే ఇంటికి రావడానికి ఏ ఆటో దొరుకుతుంది?

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఏ మేడ చూసినా మెట్ల పక్కన బోర్డులే. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సులు, ఆ పై అంతస్తులో విదేశీ చదువులు, ఇంకో అంతస్తు ఎక్కితే విదేశీ ఉద్యోగాలు. అమెరికా, లండన్ పేర్లు అందరికీ అలవాటైపోయాయి. వాటి పక్కన సైప్రస్, మాల్టా అనే పేర్లు కూడా వినబడుతున్నాయి. రెండూ మధ్యధరా సముద్రంలోని దీవులు. "యూరప్‌లో టీచర్ ఉద్యోగం" అన్న మాట చెవిన పడగానే ప్రైవేటు స్కూళ్ళలో గొంతు అరగదీసుకుంటున్న మన ఆడపిల్లలకు ప్రాణం లేచొస్తుంది. రాదూ మరి! డిగ్రీ చేసి, బి.ఎడ్. చేసి, రోజుకు ఏడు పీరియడ్లు చెప్పి, ఇంటికి మోపెడు నోటు పుస్తకాలు మోసుకొచ్చినా చాలా చోట్ల అపాయింట్‌మెంటు కాగితం ఉండదు. వేసవి సెలవుల్లో జీతం ఉంటుందో ఉండదో తెలీదు. పోనీ సర్కారు కొలువు చూద్దామంటే, తెలంగాణలో 2017 తర్వాత మళ్ళీ డి.ఎస్.సి. పరీక్ష జరగడానికి 2024 దాకా ఆగాల్సొచ్చింది. 2023లో ఇచ్చిన ప్రకటన రద్దయి, 2024లో 11,062 పోస్టులకు కొత్తది ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 2025లో 16,347 పోస్టులకు మెగా డి.ఎస్.సి. వచ్చింది. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళయిపోతాయి, పిల్లలు పుట్టేస్తారు, వయసు పరిమితి దగ్గరపడుతుంది. అందుకే వాళ్ళ ఆశను నేను తప్పు పట్టను. ఆ ఆశను అమ్ముకునేవాళ్ళ గురించే నా బాధ.

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. లెక్కల టీచరు. తొమ్మిదేళ్ళ అనుభవం. ఒక సాయంత్రం కాగితాలు పట్టుకుని వచ్చి, "అక్కా, సైప్రస్‌లో టీచర్ పోస్టొచ్చింది, ఒకసారి చదివి చెప్పవా" అంది. యాభై వేలు అడ్వాన్సు కూడా కట్టేసిందట. పైన ఉన్నది కన్సల్టెన్సీ వాళ్ళ ఉత్తరం. అందులో "ఎడ్యుకేషన్ అండ్ చైల్డ్ కేర్" అని పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద, యజమాని సంతకం పెట్టాల్సిన ఒప్పందం తిరగేస్తే ఉద్యోగం పేరు దగ్గర ఇంటి పనిమనిషి అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. స్కూలు పేరు ఎక్కడా లేదు. ఒక ఇంటి చిరునామా ఉంది.

"పిల్లల్ని చూసుకోవడం కూడా టీచింగేగా మేడమ్ అన్నాడక్కా ఆ కన్సల్టెన్సీ అతను. ముందు అక్కడికెళ్ళి దిగితే, తర్వాత మెల్లగా స్కూళ్ళో చేరొచ్చన్నాడు" అంది.

ఈ "ముందు దిగితే తర్వాత చూసుకోవచ్చు" అన్న మాట దగ్గరే మన అమ్మాయిలు పడిపోతున్నారు. అక్కడ ఇంటి పనికి ఇచ్చిన అనుమతి ఇంటి పనికే. అది ఆ యజమానికీ, ఆ పనికీ ముడిపడి ఉంటుంది. దాన్ని పట్టుకుని వెళ్ళి స్కూల్లో పాఠం చెప్తానంటే కుదరదు. చెప్పినట్టు తెలిస్తే తప్పు చేసిన మనిషిగా నిలబడేది ఆమే, ఈ కన్సల్టెన్సీ అతను కాదు.

ఇక్కడ ఒక్క మాట. ఇంటి పని చెయ్యడం చిన్నతనమని నేననడం లేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళి, ఇళ్ళల్లో పనిచేసి, ఆ డబ్బుతో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి, ఇళ్ళు కట్టిన తల్లులు మనకెంతమంది! సైప్రస్‌లోనూ ఫిలిప్పీన్స్, శ్రీలంక, నేపాల్ ఆడవాళ్ళతో పాటు మనవాళ్ళు ఇళ్ళల్లో పనిచేస్తున్నారు. తెలిసి వెళ్ళడం వేరు. జీతమెంతో, పనెన్ని గంటలో, సెలవెప్పుడో అడిగి తెలుసుకుని వెళ్ళిన మనిషి తన కష్టానికి తాను యజమాని. సుద్దముక్క చూపించి చీపురు చేతికివ్వడం మాత్రం మోసం. చదువుకైనా, చాకిరీకైనా అది అవమానమే.

వీసా మీద ఒక మాట, చేయించేది ఇంకొకటి అయితే ఎంత దూరం పోతుందో సైప్రస్ చరిత్రలోనే ఉంది. 2001లో ఒక్సానా రాంత్సేవా అనే ఇరవయ్యేళ్ళ రష్యన్ అమ్మాయి "కళాకారిణి" వీసా మీద ఆ దేశం వెళ్ళింది. ఆమెకు దొరికింది కాబరేలో పని. నెల తిరక్కుండానే, ఒక మేడ మీది నుంచి పడి చనిపోయింది. కన్నతండ్రి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి పోరాడాడు. 2010 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, ఆడవాళ్ళను అమ్ముకునే వ్యాపారం నుంచి ఆమెను కాపాడలేదని సైప్రస్‌ను తప్పు పట్టింది. ఆమెను అక్కడికి ఎవరు, ఎలా రప్పించారో విచారించనందుకు రష్యానూ తప్పు పట్టింది. ఆ రకం వీసాలు ఎత్తేశారు. కానీ పేరొకటీ పనొకటీ అనే పద్ధతికి ఆ పిల్ల ప్రాణం ఇచ్చి సాక్ష్యం చెప్పింది.

దీవుల్లో బడి సంగతి

అయితే అక్కడ టీచరు ఉద్యోగాలే లేవా? ఉన్నాయి. ఎలాంటివో తెలుసుకుంటే సగం మోసం ఇక్కడే తేలిపోతుంది.

సైప్రస్ 1960 వరకు బ్రిటిష్ వాళ్ళ పాలనలో ఉంది. అందుకే ఇంగ్లీషు బాగానే నడుస్తుంది. కానీ ప్రభుత్వ బడుల్లో చదువు గ్రీకు భాషలో. అక్కడ సర్కారు టీచరు ఉద్యోగమంటే మన డి.ఎస్.సి. కంటే గొప్ప మోజు. అక్కడి పిల్లలే డిగ్రీలు పట్టుకుని ఏళ్ళకేళ్ళు జాబితాల్లో పేర్లు పెట్టుకుని ఎదురుచూశారు. అలాంటి చోట గ్రీకు రాని మనల్ని సర్కారు బడికి తీసుకుంటారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇక ఆ దీవి 1974 నుంచి రెండు ముక్కలుగా ఉంది. ఉత్తర భాగాన్ని టర్కీ తప్ప మరే దేశమూ గుర్తించలేదు. "సైప్రస్" అని చెప్పి ఉత్తరానికి పంపితే, అక్కడ కష్టమొచ్చిందంటే మన దేశపు అధికారులు చెయ్యగలిగింది చాలా తక్కువ. కాబట్టి ఊరి పేరు అడగండి. నికోసియా, లిమసోల్, లార్నకా, పాఫోస్ అంటే దక్షిణం. కిరేనియా, ఫమగుస్తా అంటే ఉత్తరం. నికోసియాలో మటుకు నగరం మధ్యలోనే గీత ఉంది. అక్కడ ఏ వైపో కూడా అడగాలి.

మాల్టా ఇంకా చిన్నది. మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదు నగరం కంటే చిన్న దేశం! 1964లో స్వతంత్రమైంది. అక్కడ మాల్టీసుతో పాటు ఇంగ్లీషు కూడా అధికార భాషే. యూరప్‌లోని ఇతర దేశాల నుంచి ఇంగ్లీషు నేర్చుకోవడానికి అక్కడికి వచ్చే కుర్రకారు ఎక్కువ. మన అమీర్‌పేటకు కోచింగ్ ఎలాగో ఆ దీవికి ఇంగ్లీషు పాఠాలు అలాగన్నమాట. అయినా అక్కడ బడిలో టీచరుగా నిలబడాలంటే ప్రభుత్వం ఇచ్చే వారెంటు కావాలి. ఈ వారెంటు అంటే పోలీసులది కాదు, ఉపాధ్యాయ వృత్తికి ఇచ్చే అనుమతి పత్రం. ఇంగ్లీషు నేర్పే సంస్థల్లో చెప్పడానికి కూడా విడిగా అనుమతి ఉంది.

రెండు దేశాలూ 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. దీన్ని చూపించి "సైప్రస్‌లో దిగితే జర్మనీ వెళ్ళిపోవచ్చు" అంటారు. ఒక దేశం ఇచ్చిన పని అనుమతితో ఇంకో దేశంలో పని చెయ్యడం మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు కుదిరేది కాదు. పైగా యూనియన్‌లో ఉండటం వల్ల మనకు పోటీ పెరుగుతుంది. ఏదైనా ఖాళీ ఉంటే ముందు తమ పౌరులకు, తర్వాత యూనియన్ దేశాల వాళ్ళకు అవకాశం. వాళ్ళెవరూ దొరకలేదని యజమాని చూపించగలిగితేనే సాధారణంగా మన వంతు.

మరి మన వంతు ఎక్కడొస్తుంది? ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూళ్ళలో. సైప్రస్‌లో బ్రిటిష్ పద్ధతి సిలబస్ చెప్పి ఎ లెవెల్ పరీక్షలకు తయారు చేసే బడులున్నాయి. అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి ఇంగ్లండు వాళ్ళు క్యూ కడతారు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, కంప్యూటర్లు చెప్పేవాళ్ళకు మటుకు కాస్త చోటుండొచ్చు. ఇంకో ముచ్చట. గ్రీసులోనూ సైప్రస్‌లోనూ సాయంత్రం పూట పిల్లల్ని ట్యూషన్ సెంటర్లకు తోలడం మనకు ఏమాత్రం తీసిపోదు. "ఫ్రోంతిస్తీరియో" అంటారు వాటిని. బడి అయ్యాక మళ్ళీ బడి. తల్లిదండ్రుల ఆరాటం ఏ సముద్రం ఒడ్డునైనా ఒకటే!

పెట్టె సర్దే ముందు కాగితాలు సర్దాలి

ఇలాంటి ఉద్యోగానికి నిజంగా ప్రయత్నించాలనుకునే వాళ్ళు చెయ్యాల్సిన పనులు ఇక్కడే, మన ఊళ్ళోనే మొదలవుతాయి.

మొదటిది, సర్టిఫికెట్లు. డిగ్రీ, బి.ఎడ్., మార్కుల జాబితాలు, పెళ్ళి సర్టిఫికెట్టు, వీటికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ అయ్యాక విదేశాంగ శాఖ వేసే "అపోస్టిల్" ముద్ర కావాలి. 2005 నుంచి మన దేశం ఆ ఒప్పందంలో ఉంది. సైప్రస్, మాల్టా కూడా ఉన్నాయి. పెళ్ళయ్యాక ఇంటి పేరు మారినవాళ్ళు జాగ్రత్త. డిగ్రీ మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఒక పేరు ఉంటే అక్కడ ఇద్దరు మనుషుల కిందే లెక్క. అనుభవం సర్టిఫికెట్టు అడిగితే మన యాజమాన్యాలు కొందరు మొహం చాటేస్తారు. అందుకని పనిచేస్తుండగానే ఏటేటా తీసుకుని బీరువాలో పెట్టుకోవాలి. పిల్లల దగ్గర పని కాబట్టి పోలీసు క్లియరెన్సు కూడా అడుగుతారు.

రెండోది, మన డిగ్రీకి అక్కడ గుర్తింపు. సైప్రస్‌లో దానికి "కీసాట్స్" అనే ప్రభుత్వ మండలి ఉంది. మాల్టాలో కూడా విదేశీ డిగ్రీలను తూచే కార్యాలయం ఉంది. ఈ దరఖాస్తు ఎవరికి వాళ్ళే పెట్టుకోవచ్చు. ఏజెంటు అక్కర్లేదు.

మూడోది, ఇంగ్లీషు నేర్పాలనుకునే వాళ్ళ శిక్షణ. మూడు రోజుల్లో ఇంటికే సర్టిఫికెట్టు పంపుతామనేవాళ్ళు ఎక్కువయ్యారు. కేంబ్రిడ్జి వాళ్ళ సెల్టా కోర్సు కనీసం 120 గంటలు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలి. కాగితం కొనుక్కోవడానికీ విద్య నేర్చుకోవడానికీ అంత తేడా ఉంది.

నాలుగోది, స్కూలుతో నేరుగా మాట్లాడటం. అక్కడ బడులు సెప్టెంబరులో తెరుస్తారు. కాబట్టి అంతకు ముందు ఏడెనిమిది నెలల నుంచే రాయడం మొదలుపెట్టాలి. నిజమైన స్కూలు ఏదైనా మనతో మాట్లాడి, పాఠం చెప్పించుకుని చూస్తుంది. ఇంటర్వ్యూ లేకుండా టీచరు ఉద్యోగం ఇచ్చారంటే అది టీచరు ఉద్యోగం కాదని గుర్తు.

శ్రీవారి వెంట వెళ్ళే శ్రీమతులు

ఇంకో రకం ప్రయాణం ఉంది. భర్తకు అక్కడ కంపెనీ ఉద్యోగం వస్తుంది, భార్య ఇక్కడ టీచరు పని మానేసి వెంట వెళుతుంది. "నువ్వు కూడా అక్కడే ఏదో స్కూల్లో చేరుదువుగాని" అంటారు ఇంట్లో వాళ్ళు, అదేదో పక్క వీధి అన్నట్టు. ఈ మాట ఎంత ఖరీదైందో అమెరికా వెళ్ళిన మన తెలుగమ్మాయిల్ని అడగండి. హెచ్-4 వీసా మీద వెళ్ళిన డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు ఏళ్ళ తరబడి వంటింటి కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నారు. 2015 మే నెలలో వాళ్ళల్లో కొందరికి పనిచేసుకునే అనుమతి ఇచ్చారు. అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకు చేరితేనే.

కాబట్టి భర్త ఆఫర్ ఒప్పుకోకముందే ఒక ప్రశ్న అడగాలి. "ఈ అనుమతి మీద భార్యకు పనిచేసే హక్కుందా?" ఉందంటే అది రాతలో చూపించమనాలి. లేదంటే ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటానన్నా అది పనే అవుతుంది, మళ్ళీ అనుమతి మాటే వస్తుంది. పని చెయ్యలేని రెండేళ్ళు వస్తే ఆ రెండేళ్ళూ ఖాళీగా పోనివ్వకండి. గ్రీకు అక్షరాలు నేర్చుకోండి. మీ డిగ్రీ గుర్తింపు పూర్తి చేయించుకోండి. ఇక్కడి స్కూలుకు రాజీనామా బదులు సెలవు ఇస్తారేమో అడగండి. ముఖ్యంగా, మీ జీతం ఆగిపోతే ఇంటి లెక్క ఎలా ఉంటుందో బయల్దేరకముందే ఇద్దరూ కూర్చుని కాగితం మీద వెయ్యండి. భార్య ఉద్యోగం ఇంటికి వచ్చే అదనపు చిల్లర అనుకున్నన్నాళ్ళూ ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

చదువుకున్నామనే ధీమా

మా వీధి అమ్మాయిని నేనడిగాను, ఆ కన్సల్టెన్సీకి రిజిస్ట్రేషన్ ఉందా అని. "అంత పెద్ద ఆఫీసు, ఏ.సి. కూడా ఉంది, ఉండదా అక్కా?" అంది. ఏ.సి.కి ఎవరైనా బిల్లు కట్టుకోవచ్చు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఆ పేర్లు "ఈ-మైగ్రేట్" అనే ప్రభుత్వ జాబితాలో ఎవరైనా చూసుకోవచ్చు. అలాంటి ఏజెంటు తీసుకోదగిన ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన జి.ఎస్.టి. అంతే. లక్షలడిగాడంటే, రసీదు ఇవ్వనన్నాడంటే అక్కడితో నమస్కారం పెట్టి మెట్లు దిగెయ్యడమే.

ఇందులో ఒక విచిత్రం గమనించండి. పదో తరగతి కూడా చదవని స్త్రీ గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అధికారి కాగితాలు చూసి అనుమతి ఇవ్వాలి. పది పాసైతే ఆ తనిఖీ అక్కర్లేదు. బి.ఎడ్. చదివిన టీచరమ్మ సైప్రస్ వెళుతుంటే ఆమె ఒప్పందాన్ని ఇక్కడ చూసే ప్రభుత్వ అధికారి ఎవరూ ఉండరు. చదువుకున్నది కాబట్టి తనే చూసుకోగలదని సర్కారు ధీమా. చదువుకున్నాను కాబట్టి నన్నెవరు మోసం చేస్తారని ఆమె ధీమా. ఈ రెండు ధీమాల మధ్యనే కన్సల్టెన్సీ అతను కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

నిజంగా టీచరు ఉద్యోగమే వచ్చినా ఏజెంటు పీడ వదలదని ఫిలిప్పీన్స్ టీచర్ల కథ చెబుతుంది. 2007 నుంచి అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి సుమారు 350 మంది టీచర్లను ఒక ఏజెన్సీ తీసుకెళ్ళింది. బడులు నిజమైనవే, పిల్లలు నిజమైనవాళ్ళే. కానీ ఒక్కొక్కరి దగ్గర వేల డాలర్లు గుంజి, జీతంలో వాటా కూడా అడిగింది. ఆ టీచర్లు విడివిడిగా ఏడుస్తూ కూర్చోలేదు. ఒక్కటై కోర్టుకెళ్ళారు. అక్కడి ఉపాధ్యాయ సంఘం వెనక నిలబడింది. 2012 డిసెంబరులో జ్యూరీ వాళ్ళకు 45 లక్షల డాలర్లు ఇప్పించింది.

పూర్వం కూడా మన దేశపు పంతుళ్ళు దేశాలు దాటారు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలో ఇథియోపియా బడుల్లో భారతీయ ఉపాధ్యాయులు పాఠాలు చెప్పారు. మాల్దీవుల్లో ఇప్పటికీ చెబుతున్నారు, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ బడికి పంతులు కావలసి పిలిచారు, పంతులుగానే వెళ్ళారు. కావలసినవాళ్ళు పిలవడానికీ, కమీషను కోసం ఎవరో తోసెయ్యడానికీ అంత తేడా.

ఇందులో ప్రభుత్వం చెయ్యవలసింది చాలా ఉంది. తెలంగాణకు "టామ్‌కామ్", ఆంధ్రప్రదేశ్‌కు "ఓమ్‌క్యాప్" అని విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ సంస్థలున్నాయి. వాటి పేర్లు కూలికి వెళ్ళేవాళ్ళకైనా కాస్త తెలుసేమో గాని బి.ఎడ్. కాలేజీల్లో ఎందరికి తెలుసు? ప్రతి బి.ఎడ్. కాలేజీలో ఏడాదికొక పూట దీని గురించి చెప్పించలేరా? విదేశీ ఉద్యోగాలని బోర్డు పెట్టిన ప్రతి ఆఫీసూ రిజిస్ట్రేషన్ నంబరును గుమ్మం మీదే రాయాలని, ఒప్పందంలో ఉద్యోగం పేరు, జీతం, యజమాని చిరునామా తెలుగులో కూడా ఇవ్వాలని పట్టుబట్టలేరా? చదువుకున్నవాళ్ళ ఒప్పందాలను కూడా అడిగితే ఉచితంగా చూసిపెట్టే అధికారి ఒకరుంటే ఎన్ని కొంపలు నిలబడతాయి!

మా వీధి అమ్మాయి వెళ్ళలేదు. నలుగురం కలిసి వెళ్ళి అడిగితే అడ్వాన్సులో సగం వెనక్కొచ్చింది. మిగతా సగానికి ఫిర్యాదు రాసిచ్చింది. ఇప్పుడు సర్టిఫికెట్ల పని మొదలుపెట్టింది. ఈసారి స్కూళ్ళకు తనే రాస్తానంటోంది. వెళుతుందో లేదో గాని, వెళితే టీచరుగానే వెళుతుంది.

చెల్లెళ్ళూ, మీ ఇంట్లో గాని, మీ బడి స్టాఫ్ రూమ్‌లో గాని ఎవరైనా ఇలా బయల్దేరుతుంటే శుభాకాంక్షలు చెప్పే ముందు ఒప్పందం చూపించమనండి. ఉద్యోగం పేరు దగ్గర వేలు పెట్టి చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి. పదిమంది పిల్లలకు అక్షరం నేర్పినవాళ్ళం, మన బతుకు రాసి ఉన్న కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టకూడదు.